బొట్టు పెట్టిన కిటికీ రెక్కలు

కజ్జికాయల చెక్క లేని ఇల్లు మా సత్తెనపల్లి వైపు ఉంటుందా చెప్పండి? సంక్రాంతి వస్తోందంటే అటక మీంచి దించుతాం. కడిగి ఆరబెడతాం. చెక్కలో పూరీ పరిచి, కొబ్బరీ బెల్లం పెట్టి, మూసి నొక్కితే సరి. నూరు చేసినా నూరూ ఒకే తీరుగా వస్తాయి. పక్కింటి పదేళ్ళ పిల్ల నొక్కినా అంతే. అదే చెక్క లేకుండా చేత్తో అంచు మడవమంటే? మా అత్తగారు మడిచేవారు, చూడటానికి రెండు కళ్ళూ చాలేవి కావు. నాకు మాత్రం ఇప్పటికీ రాదు.

నేనిప్పుడు కజ్జికాయలు ఎలా చేయాలో చెప్పబోవడం లేదు. వడ్రంగం గురించి చెప్పబోతున్నాను. “వంటల పేజీల పక్కన ఈ ఉలీ సుత్తీ గొడవేమిటమ్మా!” అని పేజీ తిప్పేయకండి. ఆ కజ్జికాయల చెక్కే మా ఇంటి పరువు నిలబెట్టింది. ఎలాగో చెబుతాను వినండి.

మాది వడ్రంగం ఇల్లు. మా మామగారు వయసులో ఉండగా ఎడ్లబండ్లు కట్టేవారు. పత్తి బోరేలు, మిరప టిక్కీలు మోసిన బండ్లు. చక్రం నడిమి దిమ్మలో ఆకులు దూరే బెజ్జాలు ఆయన ఉలితో తవ్వితే వెంట్రుక దూరే సందు ఉండేది కాదట. ఊళ్ళలోకి ట్రాక్టర్లు వచ్చాక బండ్ల పని తగ్గిపోయి, గుమ్మాలూ కిటికీలూ మంచాల పనిలోకి దిగారు. మావారూ అదే పని నేర్చుకున్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ పనిలో నా వాటా ఏమిటయ్యా అంటే టీ కాచి ఇవ్వడం, చిత్రిక పొట్టు ఊడ్చి పొయ్యిలోకి దాచడం, ఎవరు ఎంత బయానా ఇచ్చారో నోటు పుస్తకంలో రాయడం. అంతే.

2024 సంక్రాంతి వెళ్ళిన వారానికి మావారు మోటారు సైకిలు మీంచి జారిపడ్డారు. ప్రాణానికి ముప్పు తప్పింది, దేవుడి దయ. కానీ కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు తీయకూడదన్నారు. కట్టు తీశాక కూడా కొన్నాళ్ళు సుత్తి పట్టొద్దన్నారు.

అప్పటికే ఒక కొత్త ఇంటికి ఎనిమిది కిటికీలు ఒప్పుకుని ఉన్నాం. మా వైపు మిరప కోతలై డబ్బు చేతికొచ్చే రోజుల్లోనే ఇళ్ళ పనులూ ఊపందుకుంటాయి. ఆ ఇంటివాళ్ళకి ఫాల్గుణంలో గృహప్రవేశం. ముహూర్తం పెట్టేశారు, పత్రికలు కూడా అచ్చయ్యాయి. బయానాలో సగం టేకుకి పోయింది. మిగతాది ఆసుపత్రికి పోయింది. తిరిగి ఇచ్చేద్దామంటే డబ్బు లేదు. ఇంకొక మేస్త్రికి అప్పగిద్దామంటే సీజనులో ఎవరికీ తీరిక లేదు. మా మామగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. బుద్ధి చురుకే గానీ చేతులు వణుకుతాయి. మా అబ్బాయి హైదరాబాదులో చదువుకుంటున్నాడు. రాత్రిళ్ళు మావారు నిద్రపోకుండా పైకప్పు చూస్తూ పడుకునేవారు. ఆ చూపు ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

ఇక్కడ మీకు ఒక మాట వివరంగా చెప్పాలి. కిటికీ రెక్కలో కష్టమంతా మూలల్లోనే ఉంటుంది. అడ్డచెక్క చివర నాలుకలాగా సన్నగా చెక్కుతారు, దాన్ని కుసి అంటాం. నిలువు చెక్కలో ఆ నాలుక సరిగ్గా దూరేట్టు పలకలుగా గుంట తవ్వుతారు, అది బెజ్జం. నవారు మంచం కోడులో పట్టె దూరేది ఇలాంటి అమరికతోనే. మేకు కొట్టిన మూల నాలుగు ఎండలకి వదులవుతుంది. కుసీ బెజ్జం బిగువుగా కుదిరి, జిగురు పట్టించి, అడ్డంగా ఒక వెదురు మేకు దించితే మనవళ్ళ కాలం దాకా కదలదు. మన పల్నాటి ఎండలకి చెక్క ఎంత ఆరినా, వానలకి ఎంత ఉబ్బినా పట్టు విడవదు.

ఎనిమిది కిటికీలు, కిటికీకి రెండు రెక్కలు, రెక్కకి నాలుగు మూలలు. లెక్క వేసుకోండి, అరవై నాలుగు బెజ్జాలు! ఉలితో అయితే మావారికి ఒక్కోదానికి ఇరవై నిమిషాలు పట్టేది. కొయ్యసుత్తితో కొడుతూనే ఉండాలి. మణికట్టు విరిగిన మనిషి ఎలా కొడతారు?

ఇంట్లో రూటర్ అనే మిషన్ ఒకటి ఉంది. అంతకు ముందేడు సెకండ్ హ్యాండులో కొన్నారు. రెండు చేతులతో పట్టుకునే పిడులు ఉంటాయి, మధ్యలో మోటారు, కింద గిర్రున తిరిగే బిట్టు. మన మిక్సీ మోటారుకి అన్నగారనుకోండి, నిమిషానికి ఇరవై వేల చుట్లు పైనే తిరుగుతుంది. మావారు దాన్ని అంచులు గుండ్రంగా తీయడానికే వాడేవారు. “బెజ్జం తవ్వాలంటే చెయ్యి ఒక్క పిసరు అటూ ఇటూ అయితే చెక్క పాడు” అని భయం.

ఒకరోజు పండగ సామాను అటక మీదికి ఎక్కిస్తున్నాను. కజ్జికాయల చెక్క చేతిలో ఉంది. ఏం తోచిందో గానీ అడిగేశాను. “ఏవండీ, మీ మిషన్‌కి కూడా ఇలాంటి చెక్క ఒకటి చేస్తే? చెయ్యి అటూ ఇటూ పోకుండా?”

మావారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎడమ చేత్తో పెన్సిలు తీసుకుని గోడ మీద గీయడం మొదలుపెట్టారు. గోడ మీద! కొత్త సున్నం మీద! నేనేమీ అనలేదు లెండి.

ఇలాంటి అచ్చు చెక్కని జిగ్ అంటారట. కొనక్కర్లేదు, ఇంట్లో తుక్కు చెక్కతోనే చేసుకోవచ్చు. మేం రెండు సాయంత్రాల్లో చేశాం. మావారు చెప్పడం, నేను కోయడం. మామగారు పక్కన కుర్చీలో కూర్చుని తప్పులు పట్టడం.

జాకెట్టు కత్తిరించడం వచ్చిన వాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. మా బిట్టు మందం 12 మిల్లీమీటర్లు. కిటికీ చెక్క మందం 36. బెజ్జం వెడల్పు చెక్క మందంలో మూడో వంతు ఉండాలని వడ్రంగం లెక్క, అలా 12 సరిపోయింది. మిషన్ అడుగున బిట్టు చుట్టూ ఒక ఇత్తడి కంకణం బిగిస్తారు, గైడ్ బుష్ అంటారు. దాని వెలుపలి కొలత 20. ఆ కంకణం అచ్చులోని గాడిని ఒరుసుకుంటూ తిరుగుతుంది, లోపల బిట్టు చెక్కని తవ్వుతుంది. కంకణానికీ బిట్టుకీ తేడా 8 మిల్లీమీటర్లు, అంటే అటు 4, ఇటు 4. కాబట్టి 50 పొడవు బెజ్జం కావాలంటే అచ్చులో గాడి 58 ఉండాలి. కుట్టుకి అటో అర అంగుళం ఇటో అర అంగుళం వదులుకోమా, అదే లెక్క.

ఆ గాడిని కోసి తీయడం నా వల్ల కాదనుకున్నాను. మావారు ఉపాయం చెప్పారు. గాడి కోయనే లేదు! 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు నాలుగు తీసుకుని, ఆ ఇత్తడి కంకణాన్నే కొలతగా మధ్యలో పెట్టి, చుట్టూ అమర్చి అతికించాం. మిగిలిన సందే గాడి. దాని అడుగున ఒక పక్కన పొడుగ్గా ఆనుడు చెక్క బిగించాం, అది కిటికీ చెక్క పక్కకి ఆనుకుని ఉంటుంది. చివర అడ్డంగా ఇంకో ముక్క పెట్టాం, అంచు నుంచి ఎంత దూరంలో బెజ్జం రావాలో అది చెబుతుంది. క్లాంపులతో అచ్చుని చెక్కకి బిగిస్తే ఇక కదలదు.

లోతు విషయంలో మాత్రం జాగ్రత్త. చెక్కలో 35 మిల్లీమీటర్లు దిగాలంటే బిట్టు పైనున్న ప్లైవుడ్ మందం 12 కూడా దాటాలి, మొత్తం 47. అదంతా ఒక్కసారే దించకూడదు. ఒక్కో విడతకి నాలుగైదు మిల్లీమీటర్ల చొప్పున ఎనిమిది విడతల్లో దించాలి. గాడిలో మిషన్‌ని గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. అప్పుడు అది తనంతట తాను గోడకి ఆనుకుంటుంది, ఎగరదు.

మూడు రోజులు వేప తుక్కు మీద సాధన చేశాను. మొదట మిషన్ ఆన్ చేయగానే నా గుండె దానికంటే గట్టిగా కొట్టుకుంది. నాలుగో బెజ్జానికి భయం పోయింది. పదో బెజ్జానికి మావారి ముఖంలో నవ్వు కనిపించింది. పడిపోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

టేకు మీద మొదటి రోజు పదహారు బెజ్జాలు కొట్టాను, రెండు కిటికీలకి సరిపడా. కుసులు రంపపు మిల్లులో మావారు దగ్గరుండి కోయించుకొచ్చారు. సాయంత్రం ఉత్తినే బిగించి చూశాం. పై మూలలు చక్కగా కూర్చున్నాయి. కింది మూలలకి వచ్చేసరికి మెట్టు వచ్చింది! రెక్క మెలితిరిగి, పీట మీద పెడితే ఒక మూల గాల్లో తేలుతోంది. ఒకటి కాదు, నాలుగు రెక్కలూ అంతే.

నాకు ఏడుపొచ్చేసింది. టేకు ధర మీకు చెప్పాలా?

మామగారు రెక్కని ఒళ్ళో పెట్టుకుని వేలితో తడిమారు. తర్వాత అచ్చుని తడిమారు. “అమ్మాయ్, పై బెజ్జం కొట్టాక కిందదానికి ఏం జేశావు?” అనడిగారు. “చెక్క రెండో చివరకి అచ్చుని తిప్పి పెట్టాను మామయ్యగారూ” అన్నాను. “అదీ సంగతి” అన్నారు.

జరిగిందేమిటంటే, చివర ఆపే ముక్కని మేం అచ్చుకి ఒక్క వైపే పెట్టాం. కింది మూలకి వెళ్ళాలంటే అచ్చుని తిప్పాల్సి వచ్చింది. తిప్పగానే ఆనుడు చెక్క కిటికీ ముందు వైపు నుంచి వెనక వైపుకి మారిపోయింది. గాడి నట్టనడుమ ఉండి ఉంటే ఎటు పెట్టినా ఒకటే. మా గాడి ఒక్క మిల్లీమీటరు పక్కకి ఉంది. పైన ఒకటి ముందుకి, కింద ఒకటి వెనక్కి, కలిపి రెండు మిల్లీమీటర్ల తేడా!

“అచ్చుకి కళ్ళుండవమ్మా. నువ్వు సరిగ్గా పెడితే అరవై నాలుగూ సరిగ్గా తవ్వుద్ది. తప్పు పెడితే అరవై నాలుగూ తప్పే తవ్వుద్ది. ఉలితో అయితే మూడో దెబ్బకే తెలిసిపోయేది” అన్నారు మామగారు. ఆయన కోప్పడలేదు, అదే నాకు ఇంకా సిగ్గుగా అనిపించింది. కొలత జాకెట్టు బిగుతైతే దాన్ని చూసి కుట్టిన డజను జాకెట్లూ బిగుతే కదండీ! ఈ సంగతి నాకు తెలియనిదా? తెలిసినదే, చెక్క దగ్గర గుర్తు రాలేదు.

ఆ రాత్రే దిద్దుబాటు మొదలుపెట్టాం. ఆపే ముక్కలు అచ్చుకి రెండు వైపులా పెట్టాం, కావలసినప్పుడు ఒకటి తీసి ఒకటి బిగించేట్టు. ఆనుడు చెక్కని ఆ మిల్లీమీటరు సవరించాం. ఇక అసలు చిట్కా వినండి. ముందు వైపు ఏదో వెనక వైపు ఏదో మళ్ళీ తికమక పడకుండా ప్రతి చెక్కకీ ముఖం వైపు గుర్తు ఉండాలి. వడ్రంగులు పెన్సిలుతో చిన్న సున్న చుట్టినట్టు గీస్తారు. దుమ్ములో నాకు ఆ గీత కనిపించలేదు. అద్దం మీద అతికించి ఉన్న నా బొట్టుబిళ్ళలు తెచ్చాను. ముప్పై రెండు నిలువు చెక్కలకీ ముఖాన ఎర్ర బొట్టు పెట్టేశాను! బొట్టు ఉన్న వైపే ఆనుడు చెక్క. ఇక పొరపాటు ఎలా వస్తుంది?

పాడైన ఎనిమిది బెజ్జాలకీ టేకు ముక్కలు బిగువుగా చెక్కి, జిగురు పూసి దించారు మామగారు. వణికే చేతులతోనే. ఒక్కో ముక్కకి గంట పట్టింది. ఆరాక వాటి మీద అచ్చు పెట్టి మళ్ళీ తవ్వాను. చెయ్యి వేసి చూస్తే గానీ అతుకు తెలియదు.

ఇంకో చిన్న తగాదా కూడా వచ్చింది. మిషన్ బిట్టు గుండ్రం గనుక బెజ్జం రెండు చివరలూ గుండ్రంగా వస్తాయి. కుసి అంచులేమో పలకలు. “మూల లేని బెజ్జం బెజ్జమా?” అన్నారు మామగారు. నాకు చిన్నప్పుడు బడి నుంచి అమరావతి తీసుకెళ్ళినప్పుడు చూసినవి గుర్తొచ్చాయి. ఆ మహాస్తూపం చుట్టూ ఉండిన రాతి కంచెలో నిలువు స్తంభాలకి పక్కల్లో గుంటలు తొలిచి, వాటిలో అడ్డ రాళ్ళు దూర్చారు. ఆ అడ్డ రాళ్ళని సూచులు అంటారని మాస్టారు చెప్పారు. రాతితో కట్టిన వడ్రంగం అన్నమాట! ఆ గుంటలకి నాలుగు మూలలు లేవు, కంటి ఆకారంలో ఉంటాయి. ఆ మాటే అన్నాను. మామగారు కాసేపు ఆలోచించి, “సరే, కుసి అంచులే గుండ్రం చేద్దాం” అని ఆకురాయి తీసుకున్నారు. బెజ్జం మూలలు ఉలితో పలకలు చేసినా సరే, కుసి అంచులు గుండ్రం చేసినా సరే, పట్టు ఒకటే. మా ఇంట్లో రెండోది సుళువైంది.

మిగిలిన నలభై ఎనిమిది బెజ్జాలూ నాలుగు రోజుల్లో అయిపోయాయి. వంట, బట్టలు, మావారికి అన్నం కలిపి పెట్టడం, అన్నీ చూసుకుంటూనే!

మీలో ఎవరైనా ఇలాంటి మిషన్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే కొన్ని మాటలు మరవకండి. చీర పైట వేలాడకూడదు. నేను మావారి పాత చొక్కా తొడుక్కుని, జడ ముడి వేసుకుని, గాజులు తీసి పెట్టేదాన్ని. బిట్టు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. కళ్ళకి అద్దాలు, చెవులకి రక్షణ ఉండాలి. ముక్కుకి మంచి మాస్కు తప్పనిసరి. చెక్కపొడి మంచిదే అనుకుంటాం గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే దాన్ని మనుషులకి క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో చేర్చింది. నేను ఇరవై రెండేళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని ఊడ్చిన పొడి అదే! ఇప్పుడు నీళ్ళు చిలకరించి, మాస్కు కట్టుకుని మరీ ఊడుస్తున్నాను.

ఇంకో సంగతి. 2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. అందులోని పద్దెనిమిది చేతివృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకి 15 వేల రూపాయల దాకా సాయం, శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయలు భత్యం అని నిబంధనల్లో ఉంది. ఇంటికి ఒక్కరికే. ఇంట్లో ఈ పని ఉన్నవాళ్ళు ఊళ్ళోనే అడిగి తెలుసుకోండి.

గృహప్రవేశం రోజు మమ్మల్నందరినీ పిలిచారు. గుమ్మానికి పసుపు కుంకుమలు పెట్టి, మామిడాకులు కట్టి ఉన్నాయి. వడ్రంగికి బట్టలు పెట్టే వేళ ఇంటావిడ పంచెల చాపు తీసుకుని మావారి వైపు నడిచింది. మా మామగారు మధ్యలో అందుకున్నారు. “కిటికీలు చేసింది మా అమ్మాయి తల్లీ. వాడు చెప్పాడు, ఇది చేసింది” అన్నారు.

కోడల్ని ఆయన నలుగురిలో అమ్మాయి అనడం మామూలే. ‘ఇది చేసింది’ అనడం మాత్రం అదే మొదటిసారి. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక చీర తెచ్చి, నన్ను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి చేతిలో పెట్టింది. మావారు కట్టు విప్పిన చేత్తో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చూడనట్టే ఊరుకున్నాను.

వస్తూ వస్తూ కిటికీలన్నీ ఒకసారి తీసి వేసి చూశాను. వంటింటి కిటికీ రెక్క మీద, లోపలి వైపు, ఒక ఎర్ర బొట్టుబిళ్ళ అలాగే ఉండిపోయింది! పాలిషు అబ్బాయి చూసుకోకుండా దాని మీదే వార్నిషు వేసేశాడు. గోటితో గీకబోతే ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉండనీ అక్కా” అంది. “అందంగానే ఉంది కదా!”